వెళ్ళేటప్పుడు, ఉన్నంతసేపు, తిరిగి వచ్చేటప్పుడు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడని మన పెద్దలు అన్నారు. వారు చెప్పని మూడోవాడు ఒకడున్నాడు. వాడికి వ్యాజ్యంలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. వాడు సాక్షి. తనది కాని తగవులో, తనకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి రావడానికి పని మానుకొని పోవలసినవాడు. అటువంటి సాక్షికి తన సొంత అప్పు తోవలో ఎదురై చేయి పట్టుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న 2019లో మా ఇంటికి వచ్చింది. దానికి జవాబు దొరికేలోగా నేనొక తెలివితక్కువ పని కూడా చేశాను. అదీ దాచకుండా చెబుతాను. ఇటువంటి అవసరం మన కుటుంబాలలో ఎవరికైనా రావచ్చు గదా!

నేను బరంపురంలో ఒక లారీ సర్వీసు ఆఫీసులో గుమాస్తాని. మెట్రిక్‌తో చదువు ఆగిపోయింది. పగలంతా ఒడియాలో బిల్టీలు రాస్తాను, రాత్రి ఇంట్లో తెలుగులో జమాఖర్చు చూసుకుంటాను. మా గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1వ తేదీ దాకా మద్రాసు రాజధానిలోనే ఉండేది. ఆనాడు గీసిన గీత మా బంధువర్గానికి మధ్యగా పోయింది. సగంమంది ఇటు బరంపురంలో, సగంమంది అటు ఇచ్ఛాపురంలో. మధ్య దూరం సుమారు పాతిక కిలోమీటర్లు. పెళ్ళికీ, చావుకూ ఆ గీత మాకు అడ్డు రాదు. కాని కోర్టు వారంటుకు మాత్రం అది అడ్డే. ఈ సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మా కథ అంతా దానిమీదే నడిచింది.

మా చెల్లెలు భర్త పోయిన మనిషి. అత్తగారి దగ్గరే ఉండి, ఆవిడకు చివరిదాకా సేవ చేసింది. ఆ అత్తగారు 2009లో ఒక వీలునామా రాసి, తాను ఉంటున్న రెండు గదుల ఇల్లు కోడలికి ఇచ్చింది. అది రిజిస్టరు చేయించలేదు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. ఒకరు ఆ వీధి బడిపంతులుగారు, రెండోవాడు మా మేనమామ. అత్తగారు పోయాక మా చెల్లెలి పెద్ద బావగారు ఆ వీలునామా అబద్ధమన్నారు. వ్యాజ్యం కోర్టుకెక్కింది. అప్పటికే పంతులుగారు కాలం చేశారు.

వీలునామాను కోర్టులో రుజువు చెయ్యాలంటే, దానిమీద సంతకం చేసిన సాక్షులలో ఒక్కరైనా బ్రతికి ఉన్నంతవరకు ఆ ఒక్కరినీ పిలిచి చెప్పించవలసిందే. అప్పుడు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం ఆ మాటే చెప్పింది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చినా ఈ నియమం పోలేదు. అంటే మా చెల్లెలి గూడు మావయ్య నోటిమీద ఆధారపడి ఉన్నదన్నమాట.

మావయ్యకేమో బరంపురం వచ్చే ధైర్యం లేదు.

మావయ్య పట్టునేత మనిషి. బరంపురం పట్టుచీర అంటే తెలియనివారు ఉండరు. ఆ నేత నేసేవారిలో మన తెలుగువారు ఎంతోమంది. కూతురి పెళ్ళికి కొంత, ముడిపట్టుకు కొంత ఒక షావుకారు దగ్గర నోటు రాసి తెచ్చాడు. మగ్గం సరిగా ఆడలేదు. వడ్డీతో కలిపి ఎనభై ఆరు వేలకు డిక్రీ అయింది. షావుకారు డిక్రీ అమలుకు దరఖాస్తు పెట్టి, జైలులో ఎందుకు పెట్టకూడదో వచ్చి చెప్పుకొమ్మని కోర్టు ద్వారా నోటీసు ఇప్పించాడు. మావయ్య ఆ నోటీసు తీసుకొని దేవుడి పటం వెనక దోపి ఊరుకున్నాడు. వాయిదాకు వెళ్ళలేదు. వెళ్ళకపోతే వారంటు పుడుతుంది. పుట్టింది.

చట్టంలో మావయ్యకు ఒక్క ముక్క మాత్రం క్షుణ్ణంగా తెలుసు. సివిలు వారంటు పట్టుకొని వచ్చిన అమీను సూర్యుడు అస్తమించాక, మళ్ళీ ఉదయించేలోగా ఎవరి ఇంట్లోనూ అడుగు పెట్టకూడదు. ఇది నిజమే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 55వ సెక్షనులో ఉంది. ఆ ఒక్క ముక్కను పట్టుకొని మావయ్య రెండు నెలలు నడిపించాడు. చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు, తెల్లవారకముందే లేచి పోయేవాడు. దొంగ ఎవరో దొర ఎవరో తెలియని బ్రతుకైపోయింది. చివరికి విసిగి, ఇచ్ఛాపురంలో కూతురింటికి వెళ్ళిపోయాడు. బరంపురం కోర్టు వారంటు అక్కడ చెల్లాలంటే డిక్రీని ఆ ప్రాంతపు కోర్టుకు బదిలీ చేయించుకోవాలి. షావుకారు ఇంకా ఆ పనికి పూనుకోలేదు. "సరిహద్దు దాటి వస్తాడు గదా, ఎప్పుడో ఒకప్పుడు" అని కూర్చున్నాడు.

ఇటువంటి స్థితిలో మా చెల్లెలి వ్యాజ్యంలో సాక్ష్యానికి వాయిదా పడింది. వచ్చే మంగళవారం. నేను ఫోను చేసి బ్రతిమాలితే మావయ్య ఎలాగో ఒప్పుకున్నాడు. "మీ అమ్మ మొహం చూసి వస్తానురా. తెల్లవారి బండికి దిగి, చెప్పేది చెప్పి, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాను. ఎవరికీ తెలియనియ్యకు" అన్నాడు.

ఎవరికీ తెలియనియ్యకు! ఆ మాట చెవిలో ఉండగానే నేను చేసిన నిర్వాకం ఇదీ. షావుకారుగారి గుమాస్తా వారానికి రెండు మూడుసార్లు పార్సిళ్ళకోసం మా ఆఫీసుకు వస్తాడు. మంచివాడే. ఇద్దరం కలిసి టీ తాగుతాం. ఆ బుధవారం టీ తాగుతూ "మీ చెల్లెలి కేసు ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగాడు. నేను సంతోషంకొద్దీ "ఇంక భయం లేదు, మంగళవారం మా మావయ్యే వచ్చి చెబుతున్నాడు" అన్నాను. అతను గ్లాసు కిందపెట్టి ఒక్క క్షణం నా మొహం చూశాడు. తరువాత "మంచిదండీ" అని లేచి వెళ్ళిపోయాడు. ఆ "మంచిదండీ"లో ఏముందో రాత్రి పక్కమీద పడుకున్నాక గాని నాకు తోచలేదు. తోచాక ఇక నిద్ర లేదు. చెల్లెలి ఇంటికోసం మావయ్యను పిలిచి, మావయ్యను నేనే పట్టిచ్చాను!

తెల్లవారి ప్లీడరుగారి ఇంటికి పరుగెత్తాను. ఆయన ఒడియావారు. అయినా మన తెలుగువారి కేసులు చూసి చూసి తెలుగు బాగానే మాట్లాడతారు. నేను జరిగినదంతా చెప్పుకొన్నాను. ఆయన కోప్పడలేదు. ఒకే ప్రశ్న వేశారు.

"సాక్షికి సమను తీశామా?"

తీయలేదు. సమనుకు బత్తా కట్టాలి, దరఖాస్తు పెట్టాలి. మన మనిషే గదా, పిలిస్తే వస్తాడు గదా, ఆ ఖర్చెందుకని నేనే వద్దన్నాను. సమను లేకుండా మన సాక్షిని మనం వెంటబెట్టుకొని తెచ్చుకోవచ్చు కూడాను. అందులో తప్పు లేదు.

"తప్పు లేదు, కాని రక్షణ కూడా లేదు" అన్నారు ప్లీడరుగారు. బీరువాలోంచి కోడ్ పుస్తకం తీసి 135వ సెక్షను నా ముందు పెట్టారు. ఆయన ఒక్కొక్క ముక్కా చదివి అర్థం చెబుతుంటే, నేను జేబులో ఉన్న బిల్టీ వెనక రాసుకొన్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దానిలోని సారం ఇదీ.

జడ్జీగాని, మేజిస్ట్రేటుగాని తన కోర్టుకు వెళ్ళేటప్పుడు, అక్కడ కూర్చున్నంతసేపు, తిరిగి వచ్చేటప్పుడు అతన్ని సివిలు వారంటుమీద పట్టుకోకూడదు. అదే మాదిరిగా, కోర్టులో నడుస్తున్న వ్యవహారంలో వాది, ప్రతివాది, వారి ప్లీడర్లు, వారి తరఫున గుర్తింపు పొందిన ఏజెంట్లు, సమనుకు కట్టుబడి వచ్చే సాక్షులు, వీరందరినీ ఆ పనిమీద కోర్టుకు వెళ్ళేటప్పుడు, అక్కడ ఉన్నంతసేపు, తిరిగి వచ్చేటప్పుడు సివిలు వారంటుమీద పట్టుకోకూడదు. ఆ కోర్టు తన ధిక్కారానికి తానే ఇచ్చిన ఉత్తర్వు అయితే అది వేరు.

"సమనుకు కట్టుబడి వచ్చే సాక్షులు" అన్నచోట ప్లీడరుగారు వేలుపెట్టి చూపించారు. చుట్టరికంకొద్దీ వచ్చినవాడికి ఈ సెక్షను తన మాటలలో అభయం ఇవ్వటం లేదు. కోర్టు పిలిస్తే వచ్చినవాడికే ఇస్తున్నది. బత్తా డబ్బులు మిగుల్చుదామనుకొని నేను మావయ్య నెత్తిమీది గొడుగు లాగేశానన్నమాట!

నేను ఒక సందేహం అడిగాను. "అప్పు ఎగవేసినవాడికి చట్టం ఇంత మర్యాద ఎందుకు చెయ్యాలండీ?"

ఆయన నవ్వి అన్నారు: "ఇది మీ మావయ్యకు చేసిన మర్యాద కాదు బాబూ. కోర్టు తనకు తాను చేసుకొన్న ఏర్పాటు. గుమ్మం ముందు వలపన్ని కూర్చుంటే గుమ్మంలోకి ఎవడు వస్తాడు? అప్పున్నవాడికి నిజాలు తెలిసి ఉండవా? అప్పు లేనివాళ్ళే సాక్ష్యానికి రావాలంటే ఈ ఊళ్ళో సగం కేసులకు సాక్షులు దొరకరు."

ఈ ఏర్పాటు మనదేశంలో నిన్న మొన్న పుట్టింది కాదు. ఇంగ్లండులో అప్పుకు మనిషిని చెరలో పెట్టడం మామూలుగా ఉన్న రోజులలోనే అక్కడి న్యాయస్థానాలు తమ దగ్గరకు వచ్చేవారికి ఈ రక్షణ ఇచ్చేవి. లాటిన్‌లో మూడు మాటలతో చెప్పేవారట. వెళ్తూ, ఉంటూ, తిరిగి వస్తూ అని వాటి అర్థం. అక్కడ అప్పుకు జైలు చాలావరకు 1869లో రద్దయింది. మన దగ్గర 1908లో చేసిన సివిల్ ప్రొసీజర్ కోడ్ 1909 జనవరి 1 నుండి అమలులోకి వచ్చి, ఎన్నో సవరణలతో నేటికీ నడుస్తున్నది. అందులో ఆ మూడు మాటలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ప్లీడరుగారు ఆ రోజే సమనుకు దరఖాస్తు పెట్టారు. మావయ్య రానూ పోనూ ఖర్చు, రోజు బత్తా కోర్టులో కట్టాను. వ్యవధి తక్కువ గనుక సమనును దస్తీగా, అంటే మా చేతికే ఇచ్చి అందజేయించడానికి కోర్టువారు అనుమతించారు. శనివారం సాయంత్రం ఆ కాగితం చొక్కా లోపలి జేబులో పెట్టుకొని ఇచ్ఛాపురం వెళ్ళాను.

మావయ్య అరుగుమీద కూర్చొని మనుమరాలికి దారం ఎలా ముడివెయ్యాలో చూపిస్తున్నాడు. నన్ను చూడగానే, "ఏట్రా, ఇలా వచ్చేవు? మంగళవారం నేనే వస్తానన్నాను గదా!" అన్నాడు. కోర్టు ముద్రవేసిన కాగితం తియ్యగానే ఆయన మొహం పాలిపోయింది. కాగితమంటే ఆయనకు తెలిసింది ఒక్కటే, నోటీసు. "నన్ను పట్టించడానికి వచ్చేవేటి?" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అప్పుడే చెప్పెయ్యవలసింది, చెప్పలేకపోయాను. ఈ కాగితం పట్టించేది కాదు, కాపాడేది అని మాత్రం విడమరచి చెప్పాను. రాత్రి భోజనాలయ్యాక ఆయన మళ్ళీ మొదటినుండి అడిగాడు.

"స్టేషనులో దిగగానే పట్టుకుంటే?"

"కోర్టుకు వెళ్ళే తోవ గనుక పట్టుకోకూడదు."

"సాక్ష్యం అయిపోయి గుమ్మం దిగాక?"

"తిరిగి వెళ్ళేదాకా పట్టుకోకూడదు."

"అయితే మా వీధిలోకి వెళ్ళి ఒక్కసారి ఇల్లు చూసుకొని వస్తాను. మగ్గంమీద దుమ్ము ఎంత పట్టిందో!"

నేను తల అడ్డంగా ఊపాను. తోవలో తిండికో నీళ్ళకో ఆగిన మాత్రాన రక్షణ పోదని ఇంగ్లండులో పాత తీర్పులు ఉన్నాయని ప్లీడరుగారు చెప్పారు. కాని కోర్టుపని వదిలి సొంతపనిమీద ఊరు తిరిగితే, అది కోర్టు తోవ ఎలా అవుతుంది? మావయ్య ఇంకేమీ అనలేదు. చాలాసేపటికి, "సరే, మా వీధి చివరిదాకానైనా రావద్దన్నారన్నమాట" అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

మంగళవారం తెల్లవారే బండి దిగి తిన్నగా కోర్టుకు వెళ్ళాం. నేను అనుకొన్నంతా అయింది. చెట్టుకింద షావుకారుగారి గుమాస్తా నిలబడి ఉన్నాడు. అతని పక్కన అమీను, చేతిలో మడిచిన కాగితం. మావయ్య నా చేయి గట్టిగా పట్టుకొన్నాడు. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడిన మనిషి, చిన్నప్పుడు నన్ను ఠాకురాణి జాతరకు భుజాలమీద మోసిన మనిషి, ఆ చెయ్యి వణకడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ప్లీడరుగారు ముందే వచ్చి ఉన్నారు. సమను తీసుకొని అమీను దగ్గరకు వెళ్ళి చూపించారు. గొంతు పెంచలేదు, దబాయించలేదు. అమీను అద్దాలు పెట్టుకొని కేసు నెంబరూ, తేదీ, పేరూ చదివాడు. తన వారంటులోని పేరూ చదివాడు. రెండూ ఒకటే. అతను వారంటు మడిచి సంచిలో పెట్టుకొని, "ఇవాళ కుదరదు ఆజ్ఞా" అని గుమాస్తాతో ఒడియాలో అన్నాడు. అంతే. చట్టం పనిచేసేటప్పుడు పెద్ద చప్పుడేమీ చెయ్యదని అప్పుడు నాకు తెలిసింది.

బోనులో మావయ్య బాగానే చెప్పాడు. ఆవిడ తెలివిలో ఉండే రాసిందన్నాడు. తాను చూస్తుండగా ఆవిడ వేలిముద్ర వేసిందన్నాడు. ఆవిడ ఎదుటే పంతులుగారూ తానూ సంతకాలు చేశామన్నాడు. ఎదుటివారి ప్లీడరు లేచి అప్పు సంగతి ఎత్తాడు. "నీమీద డిక్రీ ఉన్నదా? వారంటు ఉన్నదా?" అని అడిగాడు. మావయ్య "ఉన్నది బాబూ" అన్నాడు. "ఇచ్చిన మాటకు నిలబడి అప్పు తీర్చనివాడివి, నీ సాక్ష్యం ఎలా నమ్మాలి?" అన్నాడాయన. మావయ్య కొంచెం ఆలోచించి, "అప్పు తీర్చలేదు నిజమే. అంతమాత్రాన ఆ కాగితంమీది సంతకం నాది కాకుండా పోతుందా బాబూ?" అన్నాడు. జడ్జీగారు తల ఎత్తి ఒకసారి చూసి, రాయించుకొన్నారు.

బయటికి వచ్చేసరికి చెల్లెలు కేరేజితో వచ్చి ఉన్నది. ఇంటికి రాలేడని తెలిసి, మావయ్యకు ఇష్టమని గుమ్మడికాయ పులుసు పెట్టి తెచ్చింది. కోర్టు వరండాలో ఒక మూల కూర్చొని తిన్నాడు. "నీ ఇంట్లో తినవలసింది నీ కోర్టులో తింటున్నానమ్మా" అని నవ్వాడు. మేం ముగ్గురం నవ్వాం గాని, చెల్లెలు వెంటనే కొంగుతో కళ్ళు ఒత్తుకొంది.

తిరుగు బండిలో నేనూ ఎక్కాను. ఇక ఆపుకోలేక, షావుకారు గుమాస్తాకు ఈ సంగతి చెప్పింది నేనేనని ఒప్పుకొన్నాను. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అందుకనా ఆ కాగితం పట్టుకొని అంత పరుగున వచ్చేవు?" అన్నాడు. అవునన్నాను. "మంచిపనే చేసేవు. నువ్వు నోరు జారకపోతే నాకా కాగితం వచ్చేది కాదు" అన్నాడు. ఆ క్షమాపణతో నా తప్పు ఒప్పు అయిపోయిందని నేననుకోను. ఆఫీసు టీ బల్లమీద ఇంటి విషయాలు మాట్లాడటం మాత్రం అప్పటినుండి మానేశాను.

బండి దిగేముందు ఆయన ఇంకో మాటన్నాడు. "అమీను నన్ను వదిలేడు గాని అప్పు వదలలేదురా."

నిజమే. 135వ సెక్షను అప్పును మాఫీ చెయ్యదు, వారంటును రద్దు చెయ్యదు. పోలీసులు నేరంమీద పట్టుకోవడానికి వస్తే అడ్డుపడదు. అన్నిటికంటె ముఖ్యం, జైలులో ఎందుకు పెట్టకూడదో చెప్పుకోవడానికి బాకీదారు తన సొంత డిక్రీ వాయిదాకు వచ్చిననాడు ఈ రక్షణ పనిచెయ్యదని ఆ సెక్షనే మూడో భాగంలో చెబుతున్నది. తీర్పు చెప్పిన వెంటనే అమలు చెయ్యమని ఉత్తర్వు అయినప్పుడు కూడా అంతే.

రెండు వారాలు తిరక్కుండా మావయ్య నాకు ఫోను చేసి, "ఆ షావుకారు కేసులో నేనే వచ్చి జడ్జీగారికి చెప్పుకుంటాను. ఈసారి సమను ఉండదు కదూ?" అన్నాడు.

"ఉండదు మావయ్యా. ఈసారి ఆ సెక్షను వర్తించదు."

"తెలుసు. అయినా వస్తాను. ఒకసారి పగటిపూట ఆ మెట్లు ఎక్కి దిగేను గదా, భయం తీరింది" అన్నాడు.

వచ్చాడు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ దేవుడి పటం వెనక దాచిన నోటీసుకు సమాధానం కూడా చట్టంలోనే ఉన్నదని. డబ్బు బాకీకి మనిషిని ఊరికే జైలులో పెట్టరు. ఇవ్వగల స్తోమత ఉండి కూడా ఇవ్వకపోవటమో, పారిపోయే ఉద్దేశమో, ఆస్తిని మోసంగా దాటవెయ్యటమో, అటువంటిది ఏదైనా ఉన్నదని కోర్టు తృప్తి పడాలి. ఈ నియమం 1936లోనే చేర్చారు. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు, పేదవాడైనంత మాత్రాన అప్పుకు చెర వెయ్యటం తగదని, చెడ్డబుద్ధితో ఎగవేసేవాడి సంగతి వేరని గట్టిగా తీర్పు చెప్పారు. డబ్బు డిక్రీకి ఆడవారిని అసలు అరెస్టు చెయ్యకూడదు. డిక్రీ మొత్తం రెండు వేలకు మించకపోతే జైలే లేదు. అయిదు వేలు మించినా మూడు నెలలకు దాటకూడదు. ఆ మూడు నెలలూ బాకీదారు తిండి ఖర్చు అప్పిచ్చినవాడే కోర్టులో కట్టుకోవాలి! షావుకారుగారు ఈ చివరి ముక్క దగ్గర కొంచెం మెత్తబడ్డారని మా గుమాస్తా మిత్రుడు తరువాత చెప్పాడు.

నెలకు రెండున్నర వేల చొప్పున వాయిదాలమీద చెల్లించేటట్లు ఇరుపక్షాలూ ఒప్పుకొన్నాయి. 2020లో లాక్‌డౌనువల్ల కొన్ని నెలలు ఆగినా, 2023లో ఆఖరి వాయిదా కట్టేశాడు. అంతకు ముందే, 2022లో, మా చెల్లెలి వ్యాజ్యం ఆమె పక్షాన తీర్పయింది. వీలునామా రుజువైందని అందులో రాశారు. మావయ్య పేరు ఒక్కచోట, రెండో సాక్షి అని మాత్రమే ఉంది.

ఆయన ఇప్పుడు బరంపురంలో తన ఇంట్లోనే ఉంటున్నాడు. మగ్గం ఎక్కే ఓపిక లేదు గాని, పక్కింటి కుర్రాళ్ళ పని చూసి తప్పులు పడతాడు. సాయంత్రం చీకటి పడకముందే ఇల్లు చేరి, వాకిట్లో అందరికీ కనబడేటట్లు కుర్చీ వేసుకొని కూర్చుంటాడు.

చదువరులకు నేను చెప్పదలచింది ఇంతే. మీ ఇంటి వ్యాజ్యానికి ఎవరినైనా సాక్ష్యానికి పిలిచినప్పుడు, మనవాడే గదా అని సమను మానకండి. వచ్చే మనిషి ఏ భయం మోసుకొని వస్తున్నాడో మనకు తెలియదు. ఆ బత్తా డబ్బులు కట్టెయ్యండి.